శమీవృక్షము నీడలో సారథ్య విద్య

(విజయదశమి సందర్భమున యానాములో చేసిన ఉపన్యాసము)



విజయదశమి నాడు దేవాలయము ముందు లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు వరుస కట్టుట మీరందరు ప్రతి సంవత్సరము చూచుచున్నదే. బండిని కడిగి, ముందు అద్దమునకు పసుపు కుంకుమలద్ది, బంతిపూల దండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, గుమ్మడికాయతో దిష్టి తీసి, స్వామి పేరు చెప్పి బండిని కదల్చుదురు. ఇది మంచి ఆచారము. అన్నము పెట్టు పనిముట్టును దైవముగా భావించుట మన పెద్దలు మనకిచ్చిన సంస్కారము. అయితే ఈ పూజలో మనమొక దానిని మరచుచున్నామేమో యని నా సందేహము. బండికి పూజ జరుగుచున్నది. ఆ బండిని నడుప నేర్చుకొనుచున్న చేతుల మాటేమి? మొదటి దినములలో ఆ చేతులు వణకును. ఆ వణకు చేతులను గురించియే నేటి నా ప్రసంగము.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణమొకటి కలదు. కొంతకాలము క్రిందట ఒక తల్లి నా వద్దకు వచ్చినది. ఆమె కుమారుడు ఒక రవాణా సంస్థలో లారీ డ్రైవరు శిక్షణకు చేరినాడు. చేరిన పదునొకండవ దినమున, లారీని వెనుకకు నడుపుచు గోదాము గేటు స్తంభమునకు తగిలించినాడు. ఎవరికిని దెబ్బ తగులలేదు. స్తంభము బీటవారినది, లారీ వెనుక దీపము పగిలినది. ఆ సాయంకాలమే వానిని పనిలోనుండి తీసివేసి ఇంటికి పంపినారు. వాని లైసెన్సు ఖర్చుల కొరకు, శిక్షణ దినములలో భోజనపు ఖర్చుల కొరకు ఆ తల్లి తన చెవిదిద్దులు తాకట్టు పెట్టియున్నది. నాలుగు దినములుగా పిల్లవాడు గది విడచి బయటకు వచ్చుటలేదు. ఆమె నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, మావాడి జాతకంలో వాహనయోగం లేదంటారాండీ?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేదు. "అమ్మా, జాతకము సంగతి తరువాత చూతము. మీ వానివంటి వాడొకడు భారతములో ఉన్నాడు, వాని కథ వినుము" అన్నాను. ఆమెకు క్లుప్తముగా చెప్పిన దానినే ఇప్పుడు మీకు విస్తరించి మనవి చేయుచున్నాను.

మన గోదావరి తీరమున, రాజమహేంద్రవరములో నన్నయభట్టారకుడు ఆరంభించిన ఆంధ్ర మహాభారతమునకు విరాటపర్వము మొదలుకొని తిక్కన సోమయాజి కర్త. వానలు లేనప్పుడు విరాటపర్వము చదివించుట మనకు పరిపాటి. అందు ఉత్తరకుమారుని కథ తెలియని తెలుగువాడు లేడు. మితిమీరి గొప్పలు చెప్పువానిని చూచి "ఉత్తరకుమార ప్రగల్భములు" అని నవ్వుకొందుము. కాని ఆ నవ్వు దగ్గరనే మనము ఆగిపోవుచున్నాము. కథ అచ్చట ఆగలేదు.

విరాటరాజు సుశర్మతో యుద్ధమునకు పోయియున్న సమయమున కౌరవులు ఉత్తర దిక్కునుండి వచ్చి గోవులను పట్టిరి. గోపాలకుడు వచ్చి అంతఃపురములోనున్న ఉత్తరునకు చెప్పెను. స్త్రీల నడుమ కూర్చుండియున్న ఆ రాజకుమారుడు, తనకు తగిన సారథి లేడు గాని, ఉన్నచో కౌరవసేనను ఒంటిగా గెలిచి వత్తునని పలికెను. ఆ మాటను గుర్తుంచుకొనుడు: తగిన సారథి లేడని అతని ఫిర్యాదు. అప్పుడు సైరంధ్రిగా ఉన్న ద్రౌపది సూచనపై, నాట్యము నేర్పు బృహన్నల సారథిగా కుదిరెను. బృహన్నల ఎవరో మీకు తెలియును, అర్జునుడే.

రథము సాగెను. సముద్రమువలె కనబడిన కౌరవసేనను చూచినంతనే ఉత్తరునికి రోమములు నిక్కబొడిచెను. రథమునుండి దూకి పరుగెత్తెను. అర్జునుడును దిగి వెంబడించి, నూరడుగుల లోపల అతని జుట్టు పట్టుకొని ఆపెను. తన్ను విడిచిపెట్టినచో బంగారమిత్తును, రత్నములిత్తును, ఏనుగులనిత్తునని ఉత్తరుడు ప్రాధేయపడెను. ఒక్కసారి ఆలోచింపుడు. యుద్ధమను పనికి బయలుదేరిన మొదటి దినమే, పని మొదలు కాకముందే, ఆ పనికి తగనని అతడే ఋజువు చేసికొనెను. ఇంతకన్న స్పష్టముగా పరీక్షలో తప్పినవాడు పురాణములలో మరొకడు కనబడడు.

అప్పుడు అర్జునుడేమి చేసెను? మూడు పనులు చేసెను. ఆ మూడింటిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది, అతని చేతికి ఆ దినమున విల్లు ఇయ్యలేదు. భయపడినవానిని బలవంతముగా యుద్ధమునకు నిలుపలేదు. ఇది దయ లేకపోవుట కాదు, వివేకము. రెండవది, ఆ పొలములో అతనిని వదలి పోలేదు. పిరికివాడవు, ఇంటికి పొమ్మని తరుమలేదు. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. నీవు యుద్ధము చేయలేకపోయినచో గుఱ్ఱముల పగ్గములు పట్టుము, యుద్ధము నేను చేసెదనని చెప్పి, అదే రథములో అతనికి వేరొక పని చూపించెను. సారథి లేడని ఫిర్యాదు చేసినవాడే సారథి ఆయెను!

ఇది ఎచ్చట జరిగినది? శమీవృక్షము దగ్గర. పాండవులు ఆయుధములు దాచిన ఆ జమ్మిచెట్టు ఎక్కి, గాండీవమును క్రిందికి దించినవాడు పారిపోవ చూచిన ఆ ఉత్తరుడే. విజయదశమి నాడు మనము జమ్మిచెట్టుకు ప్రదక్షిణము చేయునప్పుడు అర్జునుని గెలుపును తలచుకొందుము. ఆ గెలుపునకు రథము తోలినవాడు ఒక్క ఘడియకు ముందు పరుగెత్తిన పిల్లవాడని తలచుకొనువారు అరుదు.

మరియొక సంగతి. యుద్ధము నడుమ ఉత్తరుడు మరల ఒకసారి తడబడెను. బాణముల మ్రోతకు తల తిరుగుచున్నదని, గుఱ్ఱములను ఇక పట్టలేనని చెప్పుకొనెను. అర్జునుడు అప్పుడును విసుగుకొనలేదు. ధైర్యము చెప్పి నిలిపెను. అనగా నేర్చుకొనువాడు ఒకసారి కాదు, రెండుసార్లు తడబడుట సహజమని భారతము అంగీకరించుచున్నది.

ఇక లౌకిక విషయమునకు వత్తము. కారు నడుపుట వచ్చినవానికి లారీ నడుపుట వచ్చినట్లే యని కొందరి అభిప్రాయము. అది పొరపాటు. అవి రెండు వేరు విద్యలు. లారీ మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో నడువవు, లోపలి వైపునకు కోసికొని వచ్చును. కావున మలుపులో ముందు భాగమును ఇంకను బయటకు తీసికొనిపోయి త్రిప్పవలెను. గాలితో పనిచేయు బ్రేకులున్న బండిలో, గాలి ఒత్తిడి నిండువరకు కదలరాదు. నిండు బరువుతో దిగువకు పోవునప్పుడు బ్రేకును నమ్ముకొనక తక్కువ గేరులో ఇంజను బలముతో వేగము పట్టవలెను. 2018లో కేంద్ర ప్రభుత్వము సవరించిన లెక్క ప్రకారము రెండు ఇరుసుల లారీ సరకుతో కలిపి 18.5 టన్నుల వరకు తూగవచ్చును. అంత బరువు తలచిన చోట నిలువదు. ఇక వెనుకకు నడుపుట అన్నిటికంటె కష్టము. అద్దములో కనబడునది కొంత, కనబడనిది మరికొంత. క్రింద నిలిచి బండి ప్రక్కను తట్టుచు కేక వేయు క్లీనరు మాటయే అప్పుడు డ్రైవరునకు కన్ను.

పూర్వము ఈ విద్య ఎట్లు వచ్చెడిది? పిల్లవాడు క్లీనరుగా చేరెడివాడు. బండి కడిగి, టైరును రాడ్డుతో తట్టి శబ్దమును బట్టి గాలి తెలిసికొని, మోకులతో పట్టా బిగించి, రాత్రులు డ్రైవరునకు నిద్ర రాకుండ మాట్లాడుచు సంవత్సరములు గడపెడివాడు. ఒకనాడు తెల్లవారుజామున ఖాళీ రోడ్డుపై గురువు స్టీరింగు చేతికిచ్చెడివాడు. అంబాజీపేట కొబ్బరికాయలతోనో, కాకినాడ రేవునకు పోవు బియ్యపు బస్తాలతోనో వాని చదువు సాగెడిది. ఆ పద్ధతిలో తిట్లు ఉండెడివి, దెబ్బలును ఉండెడివి. వానిని నేను మెచ్చుకొనుటలేదు. కాని కాలమను గొప్ప గురువు ఆ పద్ధతిలో ఉండెడివాడు. ఇప్పుడు క్లీనరుగా వచ్చువారు తగ్గిపోయిరి. సంవత్సరములలో వచ్చు విద్యను వారములలో నేర్పవలసి వచ్చుచున్నది.

చట్టము కూడ ఈ విషయమున తొందరపడుమని చెప్పుటలేదు. మన యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. వంతెన దాటి ఎదుర్లంక చేరినచో ఆంధ్రప్రదేశము. పాలన వేరైనను మోటారు వాహనముల చట్టము రెండు ఒడ్డులకును ఒక్కటే. 1988 నాటి ఆ చట్టము ప్రకారము రవాణా వాహనము నడుపుటకు ఇరువది సంవత్సరముల వయస్సు నిండవలెను. తేలిక వాహనపు లైసెన్సు పొంది కనీసము ఒక సంవత్సరము గడచిన పిమ్మటనే రవాణా వాహనమునకు నేర్చుకొనువాని లైసెన్సు ఇత్తురు. నేర్చుకొనునప్పుడు లైసెన్సు గల శిక్షకుడు ప్రక్కన కూర్చుండి తీరవలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము గుర్తింపు పొందిన డ్రైవింగు శిక్షణ కేంద్రములకు నియమములు చేయుచు, భారీ వాహనములకు ఆరు వారములలో 38 గంటల శిక్షణను నిర్ణయించినది. ఆరు వారముల విద్యను పదునొకండవ దినమున తూచి, రాదని తేల్చుట ఎంతవరకు న్యాయమో యజమానులు ఆలోచింపవలెను.

అట్లని యజమానిని నిందించి ఊరకుండుట నా అభిప్రాయము కాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది ప్రాణములు కోల్పోయినట్లు ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. మన ఊరిమీదుగా పోవు 216వ జాతీయ రహదారిపై, గౌతమిపై వంతెన మీద, సైకిలుపై పోవు పిల్లవాడును లారీయును ప్రక్కప్రక్కనే పోవుచున్నారు. చేయి కుదురనివానికి నిండు లారీ ఇచ్చుట ఆ సైకిలు పిల్లవానికి ద్రోహము. కావున ఈ దినమున నీకు స్టీరింగు ఇయ్యనని చెప్పు హక్కు, ఆ మాటకు వచ్చిన బాధ్యత, యజమానికి కలదు. అర్జునుడును విల్లు ఇయ్యలేదు గదా! విల్లు ఇయ్యకపోవుట ధర్మము. పొలములో వదలిపోవుట మాత్రము ధర్మము కాదు. నేటి నా ప్రసంగ సారమంతయు ఈ రెండు మాటల నడుమనే ఉన్నది.

ఇచ్చట శిక్షకుని గురించి ఒక మాట. భారతములో ఇద్దరు గొప్ప సారథులు ఎదురెదురుగా కనబడుదురు. ఒకరు అర్జునుని రథముపై శ్రీకృష్ణ పరమాత్మ. రెండవవాడు కర్ణుని రథముపై శల్యుడు. గుఱ్ఱముల విద్యలో శల్యుడు కృష్ణునకు సాటివాడని చెప్పియే అతనిని కోరి తెచ్చిరి. విద్యలో లోపము లేదు. కాని అతడు ప్రక్కన కూర్చుండి, నీవు అర్జునునకు చాలవని, అతడెక్కడ నీవెక్కడ యని మాటలతో కర్ణుని తేజస్సును హరించెను. శ్రీకృష్ణుడో, విల్లు జారవిడిచి రథములో చతికిలబడిన అర్జునునికి నిలువ బలము వచ్చునట్లు బోధించెను. లారీలో ప్రక్క సీటుపై కూర్చుండి నేర్పు ప్రతి గురువును, నేను కృష్ణుడనా, శల్యుడనా యని రోజునకొకసారి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. "అద్దము చూడు, ఇప్పుడు కుడికి కోయి, ఆగు" అనునది విద్య. "నీ జన్మలో నీకు రాదు" అనునది శల్యసారథ్యము. మొదటి మాట చేతిని సరిచేయును, రెండవది మనస్సును విరుచును. కఠోపనిషత్తు శరీరమును రథముగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గముగా పోల్చి చెప్పినది. పగ్గమును తెంచి, గుఱ్ఱము సరిగా నడుచుటలేదని కోపించిన ఏమి లాభము?

ఇక పని పోగొట్టుకొన్న యువకునకు మనవి. నాయనా, నీ ధర్మమును ఉత్తరుని వద్దనే నేర్చుకొనుము. యుద్ధము ముగిసిన తరువాత ఉత్తరుడు నగరమునకు వచ్చెను. కుమారుడే కౌరవులను గెలిచినాడని తండ్రి సభలో పొంగిపోవుచున్నాడు. నిన్నటి ఉత్తరుడైనచో ఆ కీర్తిని మూటకట్టుకొనెడివాడే. నేటి ఉత్తరుడు, గెలిచినది తాను కాదని, ఒక దేవకుమారుడు వచ్చి గెలిచినాడని చెప్పెను. అర్జునుని పేరు దాచవలసియున్నది కావున దాచెను. తన సంగతి మాత్రము దాచలేదు. ప్రగల్భములు పోయి సత్యము వచ్చినది. ఒక్క దినములో అతడు నేర్చిన అసలు విద్య అదియే.

కావున నీవును నీ లోపమును ఉన్నదున్నట్లు చూచుకొనుము. నన్ను తీసివేసినారని చెప్పుట సులభము. ఎందులకు తీసివేసినారో అడిగి తెలిసికొనుట కష్టము. ఆ కష్టమైన ప్రశ్ననే అడుగుము. వెనుకకు నడుపుటలోనా, గేరులోనా, వేగములోనా, మాట వినకపోవుటలోనా? పనిచేసిన దినములకు రావలసిన కూలి అడుగుము. వారి వద్దనున్న నీ అసలు లైసెన్సును, ధ్రువపత్రములను వాపసు తీసికొనుము. ఇవి అడుగుట తిరుగుబాటు కాదు, నీకు రావలసినవే. తరువాత కన్నులు పరీక్ష చేయించుకొనుము. అద్దములో దూరము సరిగా తెలియకపోవుట కొందరిలో చేతి లోపము కాదు, చూపు లోపము. కండ్లజోడు కొనుక్కొన్నంత మాత్రమున తీరిపోవు కష్టమును జన్మాంతర దోషమని ఎంచరాదు గదా! పిమ్మట ఖాళీ మైదానములో పాత డ్రమ్ములు నిలిపి, అనుభవజ్ఞుడైన డ్రైవరును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వెనుకకు నడుపుట అభ్యసింపుము. ఈలోగా నీ లైసెన్సు అనుమతించు చిన్న బండిపై చేపల పెట్టెలో, కొబ్బరికాయలో తోలుట తక్కువతనము కాదు. ఉత్తరుడు విల్లు వదలి పగ్గములు పట్టెను. నీవు పెద్ద పగ్గము వదలి కొంతకాలము చిన్న పగ్గము పట్టుము.

చిన్న పని చేయుటకు సిగ్గు కలిగినచో నలమహారాజును తలచుకొనుము. నిషధ దేశమునేలిన ఆ ప్రభువు జూదములో రాజ్యము పోగొట్టుకొని, రూపము కోల్పోయి, బాహుకుడను పేరుతో అయోధ్యలో ఋతుపర్ణునివద్ద అశ్వశాలలో కొలువు చేసెను. రాజు రథము తోలుచునే ఆ రాజువద్ద అక్షవిద్య నేర్చుకొనెను. ఏ విద్య తెలియక రాజ్యము పోయినదో ఆ విద్యనే సేవకుడుగా ఉండి సంపాదించి, మరల రాజ్యము పొందెను. పోగొట్టుకొన్న చోటనే ఏది నేర్చుకొనవలెనో వెదకినవాడు కావున నలుడు పుణ్యశ్లోకుడాయెను.

తల్లిదండ్రులకును, బంధువులకును ఒక మనవి. 2012లో మన యానాములో సిరామిక్స్ కర్మాగారము మూతపడినప్పుడు, పని పోవుట యనగా ఏమో ఊరంతయు చూచినది. పదిమందికి వచ్చిన కష్టమును చెప్పుకొనుటకు పదిమంది తోడుందురు. శిక్షణనుండి ఒక్కడే తిరిగి వచ్చిన పిల్లవాని కష్టము ఒంటరిది. వానికి సంఘము లేదు, సభ లేదు. ఇంటి గడపయే వాని సభ. ఆ గడపలో అడుగిడగానే "ఎంత ఖర్చు పెట్టితిమిరా నీకు" అన్న మాట వినబడినచో వాడెచ్చటికి పోవును? అప్పుల లెక్క చెప్పవలసిన సమయము వేరే వచ్చును. మొదట అన్నము పెట్టుడు. గది తలుపు మూసికొని మాట్లాడకయున్నచో వానిని ఒంటరిగా వదలకుడు. ప్రక్కన కూర్చుండుడు, మాట్లాడింపుడు, అవసరమైనచో వైద్యునివద్దకు తీసికొనిపొండు. ప్రక్కింటి పిల్లవానితో పోల్చుట మాత్రము వద్దు, అది కూడ శల్యసారథ్యమే.

ఇక జాతకమున వాహనయోగము సంగతి. జ్యోతిశ్శాస్త్రమును నేను కాదనుటలేదు. కాని ఒక్క మాట చెప్పగలను. యోగము వాహనమునిచ్చిన ఇచ్చుగాక, వాహనము నడుపు విద్యను గురువే ఇయ్యవలెను, అభ్యాసమే నిలుపవలెను. గేటు స్తంభమునకు లారీ తగులుట గ్రహముల వలన కాదు, పదునొకండు దినముల అనుభవము వలన. నూట పదునొకండవ దినమున అదే చేయి ఆ స్తంభమును తప్పించుకొని పోగలదు, ఆ దినము వరకు వానిని ఎవరైనను నిలిపినచో.

కావున లారీల యజమానులారా, మీ వద్ద చేరిన పిల్లవాడు తడబడినచో స్టీరింగు తీసికొనుడు, వానిని మాత్రము వదలకుడు. కొంతకాలము క్లీనరుగా, గోదాములో లెక్క వ్రాయువానిగా నిలిపి, మరల ఒకసారి అవకాశమిండు. పంపివేయక తప్పదన్నచో కారణము చెప్పి, కూలి చెల్లించి, వాని కాగితములు వాని చేతికిచ్చి, మంచి మాటతో పంపుడు. గురువులారా, ప్రక్క సీటు పవిత్రమైనది, దానిలో పార్థసారథి కూర్చుండినాడని మరువకుడు. యువకులారా, మీ చేతుల వణకు అవమానము కాదు. ఆ వణకును దాచి నిండు లారీ ఎక్కుటయే ప్రమాదము. దానిని ఒప్పుకొని నేర్చుకొనుటయే విజయము.

పారిపోయినవానికి పగ్గములు అప్పగించిన అర్జునుని సహృదయమును, పగ్గములు పట్టి సత్యము పలికిన ఉత్తరుని వినయమును మనకందరకు ప్రసాదింపుమని ఆ పార్థసారథిని ప్రార్థించుచున్నాను.

స్వస్తి.